వంగ మడిలో తుంగ: పీకిన కొద్దీ పెరుగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి, ఏప్రిల్ మొదటి వారం)

అందరికీ నమస్కారం. మా ఇల్లు హనుమకొండ శివారులో ఉంది. ఇంటి వెనుక పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న స్థలంలో కూరగాయల మడి చేసుకున్నాము. అక్కడి నేల ఇల్లు కట్టినప్పటి మొరం, ఇటుక ముక్కలతో గట్టిపడి ఉండటంతో, రెండేళ్ల క్రితం వేసవిలో రెండు ట్రాక్టర్ల చెరువు పూడిక మట్టి తెప్పించి దాదాపు అడుగు మందాన పోయించాము. మొదటి వానకాలంలో వంగ, బెండ మేము ఊహించినదానికంటే బాగా కాశాయి. ఆ చలికాలంలోనే మొక్కల మధ్య అక్కడక్కడ ముదురు పచ్చని, నిగనిగలాడే సన్నని ఆకులు కనిపించాయి. మామూలు గడ్డే కదా అని పట్టించుకోలేదు. ఇప్పుడు మడిలో చెయ్యి పెట్టడానికి చోటు లేదు.

ఇంతవరకు నేను చేసిన పనులన్నీ చెబుతాను. ఎక్కడ తప్పు చేశానో తెలిసినవారు చెప్పండి. ప్రతి ఆదివారం కూర్చుని చేతితో పీకాను. ఆకు టక్కున తెగి చేతికి వస్తుంది, మూడు నాలుగు రోజుల్లో అదే చోట మళ్లీ మొలుస్తుంది. జనవరిలో పారతో మడి అంతా తవ్వించాను. రెండు వారాలు తిరిగేసరికి మునుపటికంటే ఒత్తుగా వచ్చింది. ఎవరో చెప్పగా ఒక మూల వెనిగర్‌లో ఉప్పు కలిపి పోశాను. ఆకులు మాడాయి గానీ పది రోజుల్లో మళ్లీ లేచాయి, పక్కనున్న రెండు మిరప మొక్కలు మాత్రం చనిపోయాయి. నల్ల ప్లాస్టిక్ పట్టా పరిస్తే, మొలకలు దానిని సూదులతో గుచ్చినట్టు చీల్చుకుని పైకి వచ్చాయి. ఆ దృశ్యం చూశాక నాకు నిజంగా నిరుత్సాహం కలిగింది.

ఎరువుల దుకాణంలో కలుపు మందు తెచ్చి కొట్టేస్తే ఒక్క దెబ్బకు పోతుందని ఇంట్లో అంటున్నారు. ఆ మడిలోని కూరలే మా ఇద్దరు పిల్లలూ తింటారు కాబట్టి నాకు మనసు ఒప్పడం లేదు. ప్రస్తుతం మడిలో పన్నెండు వంగ మొక్కలు ఇంకా కాస్తున్నాయి. ఇది తుంగేనా, వేరే గడ్డా? మందు లేకుండా దీనిని వదిలించుకునే దారి ఉందా?

సమాధానం 1 (తెనాలి దగ్గర నుంచి)

అమ్మా, నేను వ్యవసాయ శాఖలో విస్తరణ అధికారిగా చాలా ఏళ్లు పనిచేసి విరమించాను. మీరు చెప్పిన లక్షణాలన్నీ తుంగవే. అయినా రూఢి చేసుకోవడానికి ఒక పని చేయండి. పూగుత్తిని మోసే కాడను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి దొర్లించండి. గరిక వంటి గడ్డి అయితే కాడ గుండ్రంగా తిరుగుతుంది. తుంగ అయితే మూడు పలకలు వేళ్లకు తగులుతూ ఆగి ఆగి తిరుగుతుంది. తరువాత తడి నేలలో ఒక దుబ్బును నెమ్మదిగా పెకలించి, కింద దొరికిన నల్లని గడ్డను గోరుతో గీరి వాసన చూడండి. లోపల తెల్లగా ఉండి ఘాటైన సువాసన వస్తే సందేహం లేదు. మూలికల కొట్లలో తుంగముస్తలని అమ్మేవి, సున్నిపిండిలో కలుపుకొనేవి ఈ గడ్డలే.

మీరు తప్పు చేశారని నేను అనను. అందరం మొదట ఆకుతోనే యుద్ధం చేస్తాము, తుంగ బలమంతా కింద ఉంటుంది. ఆకుల మొదట్లో చిన్న ఉల్లిపాయలా ఉబ్బిన భాగం ఒకటి ఉంటుంది. దాని నుంచి తీగలాంటి సన్నని కాండం నేలలో అడ్డంగా పోయి, కొంత దూరంలో ఉబ్బి గడ్డ అవుతుంది. ఆ గడ్డ నుంచి మళ్లీ తీగ, ఆ తీగకు మళ్లీ గడ్డ. ఇలా పూసలదండలాగా సాగుతుంది. దండ తెగకుండా ఉన్నంతకాలం కొసన ఉన్న గడ్డ మొలుస్తూ, వెనుక ఉన్న గడ్డల మొలకలను అణచి ఉంచుతుంది. మీరు జనవరిలో పారతో తవ్వించినప్పుడు ఆ దండలు ముక్కలు ముక్కలయ్యాయి, అణగి ఉన్న ప్రతి గడ్డకూ స్వేచ్ఛ వచ్చింది. తవ్వాక ఒత్తుగా రావడానికి కారణం అదే. తవ్వడం తప్పు కాదు, తవ్వి గడ్డలను అక్కడే తడి నేలలో వదిలేయడం తప్పు.

నల్ల పట్టా విషయం కూడా వివరిస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. తుంగ మొలక నేలలో ఉన్నంతసేపు ఆకులన్నీ చుట్టుకుని సూదిలా ఉంటుంది. వెలుతురు తగిలాక గానీ ఆ సూది విచ్చుకోదు. నల్ల పట్టా కింద చీకటి కాబట్టి అది సూదిగానే పైకి తోసుకుంటూ వచ్చి, పలుచని పట్టాను పొడుచుకుని బయటపడుతుంది. పారదర్శకమైన పట్టా వేస్తే వెలుతురు లోపలికి వెళ్లి, మొలక పట్టా కిందనే విచ్చుకుంటుంది, మెత్తబడుతుంది, ఆ వేడికి వాడిపోతుంది. అందుకని తుంగ ఉన్న చోట ఎండతో నేలను శుద్ధి చేయాలంటే నల్లది కాదు, పారదర్శకపు పట్టానే కావాలి.

ఇక గడ్డను చంపే మార్గాలు నాకు తెలిసినంతవరకు రెండే. ఒకటి దానిని ఎండబెట్టడం, రెండోది ఆకలితో మాడ్చడం. గడ్డలో నిలువ ఉన్న పిండితోనే మొలక వస్తుంది. ఆకులు విచ్చుకుని ఎండను పట్టుకున్నాక ఆ ఖర్చును తిరిగి నింపుకుంటుంది, మూడు వారాలు దాటితే కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ లోపే, అంటే మొలక నాలుగైదు ఆకుల మీద ఉండగానే ప్రతిసారీ తీసేస్తూ పోతే గడ్డ ఖాళీ అవుతుంది. అయితే ఒక్కొక్క గడ్డకు అనేక మొలక కళ్లు ఉంటాయి, ఒకటి పోతే ఇంకొకటి లేస్తుంది. పది పన్నెండు రోజులకొకసారి విడవకుండా చేస్తేనే ఫలితం ఉంటుంది. ఇరవై రోజులు ఊరికి వెళ్లి వచ్చారంటే అంతవరకు పడిన శ్రమలో చాలా భాగం వృథా అయినట్టే.

మీకు ఇప్పుడు కాలం కలిసి వచ్చింది. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేవరకు ఉన్న ఎండ మనకు ఊరికే దొరికే కలుపు మందు. రైతులు వేసవి దుక్కులు దున్నేది ఇందుకోసం కూడాను. ఆ పన్నెండు వంగ మొక్కలను వదులుకోండి. ఈ ఎండలకు అవి ఎలాగూ పెద్దగా కాయవు, వాటికి పోసే నీళ్లే తుంగను బ్రతికిస్తాయి. ఒక్కసారి పలుచగా తడిపి, మట్టి పదునుకు రాగానే గడ్డపలుగుతో అడుగు లోతు పెళ్లగించండి. నరకకుండా, మట్టిని పెళ్లలు పెళ్లలుగా ఎత్తి తిరగేయండి. ఆ తరువాత మడికి చుక్క నీరు పోయవద్దు. చెరువు మట్టి పెళ్లల లోపల తేమ చాలాకాలం ఉంటుంది కాబట్టి, వారానికొకసారి పెళ్లలను పగలగొట్టి తిరగవేస్తూ ఉండాలి. మండుటెండలో వారం పది రోజులు బయట పడి ఉన్న గడ్డ ఎండి చస్తుంది. పెళ్లలో చల్లగా దాగి ఉన్నది చావదు.

మందుల గురించి అడిగారు కాబట్టి అదీ చెప్పి ముగిస్తాను. గ్లైఫోసేట్ అనే కలుపు మందు గడ్డ దాకా దిగే మాట నిజమే. కానీ అది తగిలిన పచ్చని మొక్కనల్లా చంపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో దానిని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. చీడల నియంత్రణ వృత్తిలో ఉన్నవారు తప్ప ఇతరులు దానిని వాడరాదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ పై ఆకును మాడుస్తుందే తప్ప గడ్డను తాకదు, పైగా అది మనిషి కడుపులోకి వెళ్తే విరుగుడు లేని విషం. పిల్లలున్న ఇంట్లో ఆ సీసాను ఉంచడమే నేను ఒప్పుకోను. టూ ఫోర్ డీ ఆవిరి, తుంపర తగిలితే చాలు, పక్కింటి టమాటా, వంగ ఆకులు మెలితిరిగిపోతాయి. చెరకులో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ కూడా కూరగాయల మడికి తగినది కాదు. రెండు వందల చదరపు అడుగులకు ఇవేవీ అవసరం లేదమ్మా.

సమాధానం 2 (అమలాపురం నుంచి)

చెల్లెమ్మా, పైన పెద్దాయన గారు చెప్పినదంతా నిజం, ఒక్క విషయంలో మాత్రం నా అనుభవం వేరు. పెళ్లలను ఎండబెట్టి వదిలేయడం పొలానికి సరిపోతుంది. ఇంటి మడికి అంతకంటే ఖాయమైన దారి జల్లెడ పట్టడమే. మా ఊళ్లో వేసవిలోనూ గాలిలో తేమ ఉంటుంది, మధ్యలో ఒక్క వాన పడినా ఎండబెట్టిన ఫలితం పోతుంది. అందుకని నేను మట్టి పొడిగా ఆరాక ఇసుక జల్లెడతో జల్లించాను. తాపీ పనివాళ్లు వాడే మామూలు జల్లెడ కన్నులు పెద్దవి కాబట్టి చిన్న గడ్డలు జారిపోతాయి. పావు అంగుళం కన్నుల వల కొని, చెక్క చట్రానికి మేకులు కొట్టించుకున్నాను.

రెండు వందల ఘనపు అడుగుల మట్టిని ఒకేసారి జల్లించాలని కూర్చోవద్దు, నడుము పోతుంది. మడిని నాలుగు ముక్కలు చేసుకుని వారానికొక ముక్క పూర్తి చేయండి. జల్లించిన మట్టికి, జల్లించని మట్టికి మధ్య ఒక రేకునో, పాత బండనో నిలువుగా పాతండి. లేకపోతే అటు దండ ఇటు పాకుతుంది, చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది. జల్లెడ మీద మిగిలినవాటిలో రాళ్లు, వేర్లు, గడ్డలు అన్నీ కలిసి ఒకే రంగులో ఉంటాయి. తొందరపడి పారబోయకుండా ఒక పళ్లెంలో పోసి ఏరుకుంటే, గడ్డకు రెండు కొసలా పీచులాంటి తీగ ముక్క కనిపిస్తుంది. దాంతో గుర్తుపట్టవచ్చు.

ఏరిన గడ్డలను ఎరువు గుంటలో వేయవద్దు. నేను మొదటి ఏడాది తెలియక పెంటకుప్పలో వేశాను. మరుసటి ఏడాది ఆ ఎరువు వేసిన ప్రతి పాదులోనూ, కొబ్బరి మొదళ్లతో సహా, తుంగ మొలిచింది. ఇప్పుడు సిమెంటు చపటా మీద పలుచగా పరచి, గలగల శబ్దం వచ్చేదాకా ఎండబెట్టి పొయ్యిలో వేస్తున్నాను.

ఇంకొక మాట. నీడ పడితే తుంగ నీరసిస్తుందని విని, నేను ఒక వానకాలం మడి నిండా చిలగడదుంప తీగ పాకించాను. తుంగ తగ్గింది, కాదనను. కానీ దుంపలు తవ్వినప్పుడు చూస్తే, నాలుగైదు దుంపలను తుంగ మొలక ఈ పక్క నుంచి ఆ పక్కకు దబ్బనంలా పొడుచుకుని పోయి ఉంది. ఆ రంధ్రం చుట్టూ దుంప కుళ్లిపోయింది. నీడ కోసం వేస్తే అలసంద, గుమ్మడి, జనుము వంటివి వేసుకోండి. దుంప పంటలు వద్దు.

సమాధానం 3 (అనంతపురం నుంచి)

ఈ చర్చలో నా సమస్యను కూడా కలుపుతున్నందుకు మన్నించండి. మా పెరట్లో తుంగ లేదు, గరిక ఉంది. వినాయక చవితికి కోసుకోవడానికి బాగుంటుందని గట్టు మీద ఒక మూల ఉంచుకున్న గరిక, మూడేళ్లలో మడిలోకి పూర్తిగా దిగింది. పైన తీగ పాకుతుంది, కింద వేరుకాండం పాకుతుంది, తెగిన ప్రతి కణుపూ వేళ్లు దింపుతుంది. నేను గడ్డపలుగుతో పెకలించి వేర్లన్నీ ఏరివేశాక, గట్టుకు, మడికి మధ్య నాపరాయి బండలను అడుగు లోతు పాతి, నేలపైకి నాలుగు వేళ్ల ఎత్తు ఉంచాను. బండలు కలిసే చోట సందులను సిమెంటుతో మూయించాను. రెండేళ్లుగా కింది నుంచి రాలేదు. పైనుంచి దాటబోయే తీగను మాత్రం నెలకొకసారి కత్తిరిస్తున్నాను. తుంగకు కూడా ఈ బండల కట్ట పనిచేస్తుందా?

సమాధానం 1 ఇచ్చినవారి నుంచి మళ్లీ

అనంతపురం వారికి: పొరుగు స్థలం నుంచి పాకే తుంగను బండ చాలావరకు ఆపుతుంది. హనుమకొండ అమ్మ విషయంలో తుంగ పక్క నుంచి రాలేదు, మట్టితోనే వచ్చింది కాబట్టి అక్కడ బండ వల్ల ప్రయోజనం లేదు. చెరువు పూడిక మట్టి నిజంగా మంచి మట్టే, నేనే ఎందరో రైతులకు తోలుకోమని చెప్పాను. అయితే చెరువు అంచున, నీరు ముందుగా ఇంకే చోట తుంగ బాగా పెరుగుతుంది. అక్కడి పైమట్టిని తోలితే గడ్డలు కూడా బండెక్కి వస్తాయి. ఇంటికి తెప్పించుకునేవారు కుప్పను ఒక పక్కన పోయించి, తడిపి, మూడు వారాలు చూసి, ఏం మొలుస్తుందో తెలుసుకున్నాక మడిలో వేసుకోవడం మేలు.

అమలాపురం చెల్లెలు చెప్పిన జల్లెడ సలహాను నేను పూర్తిగా ఆమోదిస్తున్నాను. నా ఆలోచన ఎకరాల్లో సాగింది, ఆమెది మడి కొలతలో సాగింది. చెరువు మట్టిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి తడిగా ఉంటే జల్లెడ దిగదు. ముందు పెళ్లలను ఎండబెట్టి, చెక్క సుత్తితో చితకగొట్టి, అప్పుడు జల్లించండి.

ప్రశ్న అడిగినవారి నుంచి (జూన్ మూడో వారం)

మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పడానికి, జరిగినది తెలియజేయడానికి రాస్తున్నాను. ఏప్రిల్ రెండో వారంలో వంగ మొక్కలను తీసేశాము. తీసేటప్పుడు బాధ కలిగింది, రెండింటికి ఇంకా పిందెలు ఉన్నాయి. పలుగుతో తిరగేసిన మొదటి రోజే పెద్దాయన గారు చెప్పిన పూసలదండను నా కళ్లతో చూశాను. ఒక పెళ్లను రెండు చేతులతో విడదీస్తే, నల్లని దారానికి గుచ్చినట్టు ఏడు గడ్డలు వరుసగా వేలాడాయి. కొసదానికి మాత్రమే తెల్లని మొలక ఉంది, మిగిలిన ఆరూ నిద్రపోతున్నట్టు ఉన్నాయి. రెండేళ్లుగా నేను ఎందుకు ఓడిపోతున్నానో ఆ ఒక్క పెళ్ల చూశాక అర్థమైంది.

మడిని నాలుగు ముక్కలు చేసి, మధ్యలో పాత రేకులు పాతి, మే నెలాఖరుకు మూడు ముక్కలు జల్లించాము. పది లీటర్ల పెయింటు బకెట్టు ఒకటిన్నరసార్లు నిండింది. నాలుగో ముక్కను కూడా జల్లించే ఓపిక ఉండదని ముందే అనిపించింది. అందుకని మే మొదట్లోనే అక్కడ తడిపి పారదర్శకమైన పట్టా పరచి, అంచులు మట్టితో కప్పి ఐదు వారాలు ఉంచాము. పట్టా కింద మొలకలు విచ్చుకుని, పసుపు రంగుకు తిరిగి, మాడిపోవడం కనిపించింది. తీశాక మొదటి వానకు ఆ ముక్కలో చిన్న కలుపు ఏదీ మొలవలేదు గానీ, తుంగ మాత్రం ముప్పై దాకా లేచింది. జల్లించిన మూడు ముక్కల్లో కలిపి పన్నెండు మొలిచాయి. పట్టా వేసినా లోతున ఉన్న గడ్డలు బతికాయని అనుకుంటున్నాను.

తొలకరి పడింది కాబట్టి ఇప్పుడే వంగ నారు వేయవచ్చా, ఇంకా ఆగాలా అన్నది నా ప్రశ్న. ఇంట్లో మందు మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. మా అత్తగారు రోజూ ఉదయం కొడవలి పట్టుకుని మడి చుట్టూ ఒకసారి తిరిగి వస్తున్నారు.

సమాధానం 1 ఇచ్చినవారి నుంచి

చాలా సంతోషం అమ్మా. మీరు అనుకున్నది నిజమే. పట్టా వేడి పై రెండు మూడు అంగుళాల్లోనే తీవ్రంగా ఉంటుంది, కలుపు విత్తనాలు చాలావరకు అక్కడే ఉంటాయి కాబట్టి చస్తాయి, అడుగు లోతున ఉన్న తుంగ గడ్డకు ఆ వేడి చాలదు.

వంగ నారుకు తొందరపడవద్దు. మొక్కలు పెట్టాక వాటి మొదళ్లలో లేచిన తుంగను లోతుగా తీయలేరు, తీస్తే వంగ వేరు కదులుతుంది. ఈ రెండు నెలలు మడి మొత్తం జనుము చల్లండి. మామూలుగా పచ్చిరొట్టకు మీ మడికి నూరు గ్రాముల విత్తనం సరిపోతుంది. నీడ కోసం కాబట్టి నూట యాభై నుంచి రెండు వందల గ్రాముల వరకు ఒత్తుగా వేయండి. చల్లే ముందు ఇప్పుడు లేచిన మొలకలన్నింటినీ చేతి పలుగుతో గడ్డతో సహా తీసేయండి. నాలుగో ముక్కలో ఇంకొంచెం లోతుగా దించండి. జనుము మోకాలి ఎత్తుకు వచ్చేదాకా మీ అత్తగారి ఉదయపు తిరుగుడు ఆగకూడదు. కొడవలికి బదులు ఆమె చేతికి చిన్న పలుగు ఇవ్వండి, కోస్తే గడ్డ లోపలే ఉండిపోతుంది. నలభై ఐదు రోజులకు పూత మొదలవగానే జనుమును కోసి మడిలోనే పరచి కలిపేయండి. ఆ తరువాత రెండు మూడు వారాలు ఆగి, ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో వంగ నారు నాటుకోవచ్చు. నాటాక మడి అంతా తడపకుండా మొక్క మొదట్లోనే నీరు పోయండి. నారు కొనే మాటైతే ఆ సంచి మట్టిని ఒకసారి వేళ్లతో విడదీసి, నల్లని గడ్డ ఏదైనా ఉందేమో చూసి మరీ మడిలోకి తీసుకువెళ్లండి.